గంధకం మిషను గొలుసు

"తండ్రిని మింగిన పిల్ల" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండిపోతుంది. మొన్న మా మలేషియాలోని ఇపో ఊళ్ళో ఒక పేరంటానికి వెళ్ళాను. పదహారేళ్ళ పిల్లను చూపించి ఒకావిడ ఆ మాట అంది. కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచి వచ్చేశాను. ముసలిదానికి కోపం ఎక్కువ అనుకుని ఉంటారు. అనుకోనీ. ఆ మాటను మా చెల్లెలు పుట్టిన పదిహేను రోజుల నుంచి నాలుగేళ్ళు నిండేదాకా మోసింది. అందులో చివరి కొన్ని నెలలు, అది మింగలేదని తెలిసి కూడా నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

మా నాన్నను మేం అయ్య అనేవాళ్ళం. తెలుక్ ఇంటాన్‌ను అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. ఆ ఊరికి ఎగువన ఒక రబ్బరు తోటలో అయ్య పని. అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు మలయా అంతటా ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. కూలీల ఇళ్ళ వరసలను లైన్లు అనేవాళ్ళం. వాటి చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు, గేటు దగ్గర తుపాకులతో కాపలా. పొద్దు గూకితే బయట అడుగు పెట్టడానికి లేదు. కత్తులు, కొడవళ్ళు సాయంత్రం కాగానే స్టోరులో అప్పజెప్పాలి. అడవిలో ఉన్నవాళ్ళ చేతికి అన్నమూ ఇనుమూ అందకూడదని దొరల భయం. మేం పిల్లలం కంచె లోపలే ఆడుకునేవాళ్ళం. అది జైలు లాంటిదని అప్పుడు తోచలేదు.

ఏడాదికి ఒకసారి రబ్బరు చెట్లు ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తాయి. ఆ లేత చిగురుకు బూజు పడుతుంది. బూజు పడితే ఆకు మళ్ళీ రాలిపోతుంది, పాలు తగ్గిపోతాయి. అందుకని చిగురు వేసే రోజుల్లో చెట్లకు గంధకం పొడి కొట్టేవాళ్ళు. ఒక ఇంజను, పైన పొడి పోసే పెద్ద రేకు డబ్బా, డబ్బా నుంచి ఆకాశంలోకి తిరిగిన గొట్టం. ఈ మొత్తాన్ని చెక్క చట్రానికి బిగించి నలుగురు మనుషులు పల్లకిలా మోసుకుంటూ చెట్ల వరసల మధ్య నడిచేవాళ్ళు. ఐదో మనిషి పక్కనే నడుస్తూ బస్తాలోంచి రేకు చేటతో పొడి తీసి డబ్బాలో పోస్తూ ఉండేవాడు. ఆగడానికి వీల్లేదు. ఆగితే పొగమంచులా లేచే ఆ పసుపు మబ్బు మధ్యలో తెగిపోతుంది. ఆ ఐదో మనిషి మా అయ్య.

గాలి కదలకముందే, తెల్లవారే వేళకు ఈ పని జరగాలి. కర్ఫ్యూ వేళ గనుక ప్రత్యేకంగా అనుమతి చీటీ, వెంట ఇద్దరు తుపాకీ మనుషులు. ఎండ ఎక్కేసరికి అయ్య కనుబొమల దాకా పసుపుపచ్చగా తిరిగొచ్చేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా ఆ వాసన పోదు. అమ్మ ముక్కు మూసుకుని, "మారెమ్మ ఉత్సవం మనింటికే వచ్చినాది" అని ఎగతాళి చేసేది.

ఆ మిషను అడుగున ఒక ఇనప గొలుసు వేలాడుతుండేది. నేల మీద మూరెడు పొడవున ఈడ్చుకుపోయేది. ఏళ్ళ తరబడి మట్టిలో, రాళ్ళలో ఒరుసుకుని ఆ చివరి మూరెడూ వెండిలా తళతళలాడేది. గొలుసు ఊడదీయకూడదు, నేలకు ఆనుతూ ఉండాలి అని కిరాణి, అంటే తోట గుమాస్తా, మొదటి రోజే తమిళంలో అందరికీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చెప్తే నోరు అరిగిపోతుందా? ఒక్క ముక్క చెప్పి ఉంటే! ఆ ఉక్రోషంతోనే కాబోలు, తర్వాత నేను సైన్సు పంతులమ్మనయ్యాక, ఎందుకో చెప్పకుండా ఒక్క "వద్దు" కూడా పిల్లలకు చెప్పలేదు.

ఎందుకో తెలియకపోయినా, గొలుసుకు ఏదో మహిమ ఉందని అయ్యకు తెలుసు. సీజను మొదట్లో స్టోరు ముందు మిషను నడిపి చూసేవాళ్ళు. లైన్ల పిల్లలమంతా మూగేవాళ్ళం. అయ్య ఒక ఎండు కర్రతో గొలుసును పైకెత్తి పట్టుకుని నన్ను పిలిచేవాడు.

"ఇలా రా గుంటా. డబ్బా కాడ సెయ్యెట్టు. ముట్టుకోకు, దగ్గిరగా ఎట్టు."

పెడితే చేతి మీది నూగంతా నిక్కబొడుచుకునేది. ఎవరో కనబడని మనిషి ఊదుతున్నట్టు చక్కిలిగింతలు పెట్టేది. అయ్య గొలుసు కిందికి వదిలేవాడు. నూగు టక్కున పడిపోయేది. మళ్ళీ ఎత్తేవాడు, మళ్ళీ లేచేది. ఒకసారి ఆత్రం పట్టలేక డబ్బాను ముట్టుకున్నాను. చిటుక్కుమని నీలం రవ్వ ఎగిరి వేలు చురుక్కుమంది. నేను ఓలమ్మో అని గెంతితే అయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏటి, గిల్లిందా? నీ లాగే, దీనికీ కోపం జాస్తి!"

మాకు అది ఆట. అంతే.

ఆ ఏడాది ఆ సీజనులోనే చెల్లెలు పుట్టింది. నాకు పదేళ్ళు. అప్పటిదాకా ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక్క రోజులో అందరి కళ్ళూ ఆ గుడ్డల మూట మీదికి పోయాయి. నన్ను చూసి పలకరించేవాళ్ళు లేరు. అమ్మ పురిటి గదిలో ఉంది, ఆ గదిలోకి ఊరికే రాకూడదు. మామ్మ, అంటే అయ్య తల్లి, వేన్నీళ్ళు కాచడం, బాలింతకు పెట్టే కాయం దంచడం, నన్ను కసరడం. ఇదే పని.

పురిటి గదిలో బాలింత తలకింద ఇనుము ఉండాలి. గాలీ ధూళీ సోకకుండా. మా వాళ్ళు విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్న ఆచారాల్లో అదొకటి. మామూలుగా కొడవలి పెడతారు. కొడవళ్ళేమో స్టోరులో తాళంలో ఉన్నాయి. మామ్మ నాతో అంది:

"ఒలే, మీ అయ్యనడిగి ఇనుం ముక్కేదైనా తే. మేకైనా సాలు. బేగి."

మేకైనా చాలు. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. స్టోరు దగ్గర మిషను తుడుస్తున్న అయ్య దగ్గరికి వెళ్ళి ఏం చెప్పానంటే:

"మామ్మ గొలుసు కావాలంది. మెరిసే ముక్క. ఉయ్యాలకి కడతాదంట."

ఎందుకన్నాను? కిరాణి కూతురికి వెండి పట్టీలున్నాయి, అది నడిస్తే ఘల్లుఘల్లుమంటుంది. ఆ గొలుసు చివరి ముక్క కూడా ఊపితే అలాగే మోగుతుంది. ఉయ్యాలకు కట్టి ఊపితే మోగేది మా ఇంట్లోనూ ఉంటుందని. దాన్ని ఊపే పని నాకే ఇస్తారని. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమో అని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

అయ్య తల గోక్కున్నాడు. "కిరాణి సూస్తే తిడతాడే" అన్నాడు. ఇంటి వైపు వెళ్ళి, కాసేపటికి పట్టకారుతో తిరిగొచ్చాడు. తొందరపడలేదు. నలుగురినీ పిలిచి మిషను భుజాలకెత్తించి, గొలుసు ఎంత వేలాడుతుందో చూసుకున్నాడు. కింద ఈడ్చుకుపోయే మూరెడు తీసేసినా కొస నేలను ముద్దుపెట్టుకున్నట్టు ఆనుతోంది. అది చూసుకున్నాకే లింకు విప్పి ముక్క నా చేతిలో పెట్టాడు. నడిస్తే ఆనదేమో అని నాలుగడుగులు నడిపించి కూడా సరిచూశాడు. నా అయ్య అజాగ్రత్త మనిషి అని ఎవరైనా అంటే ఊరుకోను.

అయితే ఆయన చూసుకుంది స్టోరు ముందరి చదును నేల మీద. తోటలో గుంటలుంటాయి, మురుగు కాలవలుంటాయి, వాటిని దాటేటప్పుడు మోసేవాళ్ళు గట్ల మీద ఉంటారు, మిషను గాలిలో ఉంటుంది.

చెల్లెలు పుట్టిన ఏడో రోజు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ధన్ మని ఒక్క చప్పుడు. అడవిలోవాళ్ళు తోట మీద పడ్డారనుకున్నాం. అలాంటి చప్పుడు వింటే నేలకు కరుచుకుపోవాలని మాకు నేర్పారు. మామ్మ నన్ను లాగి సిమెంటు గచ్చు మీద పడేసి, తను నా మీద పడుకుంది. పురిటి గదిలో అమ్మ బిడ్డ మీద వంగి పడుకుంది. లైన్లన్నీ అలాగే బోర్లా పడుకుని, తుపాకులు ఎప్పుడు మోగుతాయా అని చూస్తున్నాయి. గాలిలో అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు. ఊపిరి తీస్తే గొంతు కోసేస్తోంది. అవతల మా అయ్య కాలిపోతుంటే ఇవతల మేమందరం, ఆయన సొంత మనుషులం, భయంతో నేలకు అతుక్కుని పడుకున్నాం. అది తల్చుకుంటే ఇప్పటికీ లేచి పరుగెత్తాలనిపిస్తుంది.

పేలింది గంధకం మిషను. మోసే నలుగురూ గొట్టానికి ముందూ వెనకా ఉన్నారు, చేతులు కాలి బతికిపోయారు. డబ్బా మీదికి వంగి పొడి పోస్తున్నది ఆయన. ఆ మంటను, ఆ పొగను లోపలికి పీల్చింది ఆయన.

ఆస్పత్రిలో మూడు రోజులున్నాడు. అమ్మకు ఇంకా పురుడు వెళ్ళలేదు, పదకొండో రోజు స్నానం కాలేదు, కదలకూడదు. ఆమె ఆయన్ని మళ్ళీ చూడనే లేదు. తెలుక్ ఆన్సన్ మార్కెట్లో కూరగాయలమ్మే మా మేనమామ నన్ను తీసుకెళ్ళాడు. ముఖానికి గుడ్డ చుట్టి ఉంది. కళ్ళు మాత్రం అయ్యవే. నేను దగ్గరికి వెళ్తే పెదవులు కదిలించాడు. గొంతులో గాలి తప్ప మాట లేదు. చెవి ఆనించాను.

"గొలుసు... ఉయ్యాలకి కట్టినారా?"

"కట్టినాం అయ్యా. మోగతంది."

కళ్ళు మూసుకున్నాడు. మర్నాడు పోయాడు.

చెల్లెలు పుట్టిన పదిహేనో రోజున మామ్మ గుండెలు బాదుకుంటూ మొదటిసారి ఆ మాట అంది. "తండ్రిని మింగి పుట్టినాది!" కొడుకు పోయిన తల్లి, ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. ఉయ్యాలలో ఉన్నది ఎదురు చెప్పలేదు. లైన్లలో ఆడవాళ్ళంతా అది పట్టుకున్నారు. ఎవడో చుట్ట కాల్చి ఉంటాడని మగవాళ్ళు, పిల్ల జాతకమని ఆడవాళ్ళు. గొలుసు ఊసెత్తినవాళ్ళు లేరు. అది నాకూ తోచలేదు. మేకు అడగమంటే గొలుసు అడిగానన్న తప్పు మాత్రం కడుపులో గులకరాయిలా ఉండేది. అబద్ధమాడాను కదా, అంతే అనుకునేదాన్ని.

తర్వాత మమ్మల్ని, మామ్మతో సహా, మేనమామ తన దగ్గరికి తెచ్చుకున్నాడు. మార్కెట్ వెనక రెండు గదులు. అమ్మ ఇళ్ళల్లో బట్టలుతికేది. నేను పట్నం బడిలో చేరాను. చెల్లెలు గొలుసు పట్టుకుని పాకి, గొలుసు పట్టుకుని నిలబడి, గొలుసు పక్కలో పెట్టుకుని నిద్రపోయి, అలా పెరిగింది. దానికి వేరే బొమ్మ లేదు. అమ్మ శుక్రవారం శుక్రవారం దాని చేతిలోంచి గొలుసు తీసుకుని కుంకం పెట్టి మళ్ళీ ఇచ్చేది. మామ్మ మాత్రం పాలు ఒలికినా, పళ్ళెం జారినా, "తండ్రిని మింగినదానికి ఇదో లెక్కా" అనేది.

మెర్డేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చే ఏడాది, బడిలో మా సైన్సు టీచరు ఒక పాఠం చెప్పింది. రబ్బరు బుడ్డీలో పొడి పోసి, సన్నటి గొట్టం గుండా ఫూ మని ఒక ఆకు మీదికి ఊదింది. పొడి ఆకు పైనే కాదు, వెనక వైపు కూడా పోయి అంటుకుంది. ఎందుకలా? గొట్టంలో ఒరుసుకుంటూ పోయేటప్పుడు ఒక్కొక్క రేణువూ రవ్వంత విద్యుత్తు ఎక్కించుకుంటుంది. అన్నిటికీ ఒకటే రకం విద్యుత్తు గనుక ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ముద్ద కట్టవు, మబ్బులా విచ్చుకుంటాయి. ఆకు దగ్గరికి రాగానే ఆకు వాటిని లాక్కుంటుంది. మబ్బులో నీటి బొట్లూ మంచు పలుకులూ ఇదే పని చేస్తే ఉరుము. మా పేరాక్ రాష్ట్రంలో దాదాపు రోజూ మధ్యాహ్నం వినబడేది అదే.

నేను ఆ ఆకునే చూస్తున్నాను. టీచరు చెప్పుకుపోతోంది. రేణువులు పట్టుకుపోయిందానికి ఎదురు విద్యుత్తు గొట్టంలో మిగిలిపోతుంది. దాన్ని నేలలోకి పంపే దారి లేకపోతే అది పోగుపడుతూ పోగుపడుతూ, నేల మీద నిలబడ్డ మనిషి ఎవరైనా చెయ్యి దగ్గరికి తెస్తే రవ్వగా దూకేస్తుంది. "పెట్రోలు లారీ వెనక గొలుసు ఈడ్చుకుపోవడం చూశారుగా? అందుకే" అంది.

క్లాసంతా కిటికీలోంచి రోడ్డు వైపు చూసి నవ్వింది. నా చేతి మీది నూగు నిక్కబొడుచుకుంది. ఈసారి దాన్ని దించడానికి అయ్య లేడు.

కాలవ దాటుతూ మిషను పైకి లేచి ఉంటుంది. గొలుసు కొస నేలను వదిలేసి ఉంటుంది. తడి మట్టిలో ఉత్త కాళ్ళతో నిలబడి, అయ్య రేకు చేట డబ్బా అంచు దగ్గరికి తెచ్చి ఉంటాడు. గొలుసు చెయ్యాల్సిన పని మా అయ్య చెయ్యి చేసింది. చుట్టూ గంధకం మబ్బు. గంధకానికి ఎంత రవ్వ కావాలి గనక.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్తే చెల్లెలి మీద పడ్డ మాట తొలగిపోతుంది, నాకు తెలుసు. కానీ అది నా మీద పడుతుంది. అమ్మ నన్ను చూసే చూపు మారిపోతుంది. నాలుగేళ్ళ పిల్ల తిట్లు తింటుంటే పద్నాలుగేళ్ళదాన్ని నేను గోడవైపు తిరిగి చదువుకుంటున్నట్టు నటించాను. ఛీ. ఎంత పిరికిదాన్నో.

మెర్డేకా రోజు వచ్చింది. ఊరంతా మైదానానికి వెళ్తోంది. జెండాలు, బ్యాండు, బడి పిల్లల వరసలు. అమ్మ చెల్లెలికి కొత్త గౌను తొడిగింది. గొలుసు లేకుండా రానని అది పేచీ. ఆ పెనుగులాటలో చెల్లెలు మామ్మ తమలపాకుల పళ్ళాన్ని తన్నేసింది. మామ్మ అలవాటుగా ఆ మాట విసిరింది. అమ్మా మేమిద్దరం బయటికి వచ్చేశాం.

సగం దారిలో, మార్కెట్ పక్క కాలవ వంతెన దగ్గర, చెల్లెలు నా చెయ్యి పట్టి ఆపింది.

"అక్కా, నాను అయ్యని తినీసినానా?"

నేను వంతెన గోడ పట్టుకున్నాను.

"నాకు గురుతు నేదు అక్కా. మరి నానెప్పుడు తిన్నాను?"

వంతెన గోడ మీద కూలబడి బావురుమన్నాను. జనం జెండాలు పట్టుకుని మమ్మల్ని దాటుకుపోతున్నారు. అమ్మతో అంతా కక్కేశాను. మేకు, గొలుసు, రబ్బరు బుడ్డీ, పెట్రోలు లారీ. "ఇది కాదమ్మా, నాను. అయ్యని సంపింది నాను" అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

అమ్మ వచ్చి నా పక్కన గోడ మీద కూర్చుంది. "మరోసారి సెప్పు, ఆ గొలుసు సంగతి. నేలకి ఆనితే ఏటవుతాది?" అని అడిగింది. చెప్పాను. తల ఊపుతూ విన్నది.

"ఆ దినం మీ అయ్య నా కిటికీ కాడికొచ్చినాడు" అంది తర్వాత. "మేకు సాలని మీ మామ్మ అనడం నానూ విన్నాను. పిల్ల అబద్ధం ఆడతంది, ఏటి సెయ్యమంటావని నవ్వతా అడిగినాడు. సెల్లి పుట్టిన కాడ్నించి దాన్ని సూసినోళ్ళు నేరు, మనసు సిన్నబోయింది, అడిగింది ఇచ్చీ అన్నాను. నానే అన్నాను."

"అయ్యకి తెలుసా? నాను అబద్ధమాడినానని?"

"తెలిసే ఇచ్చినాడు."

మైదానం వైపు నుంచి బ్యాండు వినబడుతోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. ఆ సాయంత్రం అమ్మ మామ్మతో ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ మాట మాత్రం మా ఇంట్లో వినలేదు.

చెల్లెలికి ఇవేమీ అర్థం కాలేదు. మేం ఏడవడం చూసి బెదిరిపోయి, గొలుసును గుండెకు హత్తుకుని నిలబడింది. అమ్మ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు తుడిచింది. "నువ్వేటీ తిన్నేదమ్మా. మీ అయ్య నీకిచ్చినాడు ఇది" అంది. గొలుసు ఒక కొసను దాని గుప్పిట్లో పెట్టి, రెండో కొసను మెల్లగా రోడ్డు మీదికి వదిలింది.

"పైకెత్తకేం. నేలకి ఆనించే లాక్కెల్లు."